పైలం నేర్పిన రూతు మేడం

రూతు మేడం ఇక లేరన్న కబురు సోమవారం ఉదయం, మొదటి పీరియడుకు నేను తరగతిలోకి అడుగుపెడుతుండగా వచ్చింది. ఫోనులో మాట్లాడింది ఆమె భర్త యాకోబు గారు. మణుగూరు బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. యంత్రాల హోరులో బతికినందువల్ల ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడతారు. ఆనాడు మాత్రం పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా, "అమ్మా, మీ మేడం పోయింది. పొద్దుగాల చాయ్ ఇద్దామని లేపితే లేవలే" అన్నారు. "ఏ మేడం?" అని అడిగాను. ఏ మేడమో తెలిసే అడిగాను. ఆ ప్రశ్నకు జవాబు వచ్చేంతసేపైనా ఆమె బతికి ఉంటారన్న ఆశ కాబోలు.

తరగతిలో పిల్లలు లేచి నిలబడ్డారు. కూర్చోమనడం మరిచిపోయాను. కాస్త తేరుకొని సంగతి చెబితే వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేడం ఉద్యోగ విరమణ చేశాక చేరిన పిల్లలు వాళ్ళు. జ్వరం వస్తే పడుకోవడానికి కళాశాలలో ఒక గది ఉందని వాళ్ళకు తెలుసు. జీపులో దవాఖానాకు తీసుకుపోతారని, పక్కన ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో కూర్చుంటారని తెలుసు. అది ఎండ కాసినంత, వాన కురిసినంత సహజమని వాళ్ళ నమ్మకం. సహజం కాదని, ఒక సాధ్వి పట్టుబట్టి సాధించిన భాగ్యమని వాళ్ళకు తెలియాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

మేడం మా డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించేవారు. కళాశాల బూర్గంపాడు నుంచి పినపాక వైపు వెళ్ళే దారిలో, ఊరు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. పిల్లల్లో కొందరు గనుల కాలనీల నుంచి, కొందరు అడవిలోపలి గూడేల నుంచి వస్తారు. కళాశాల ఆరోగ్య భద్రతా కమిటీకి ఆమె కన్వీనరు. అలాంటి కమిటీలు అన్ని కళాశాలల్లోనూ ఉంటాయి, తనిఖీ బృందం వచ్చిన రోజున ప్రాణం పోసుకొని, ఆ బృందం కారెక్కగానే కన్నుమూస్తాయి. మా కమిటీ మాత్రం రోజూ బతికే ఉండేది. ఒక్కోసారి మా ప్రాణం తీసేది కూడా.

ఆ పట్టుదల ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి. తండ్రి భూగర్భ గనిలో కార్మికుడు. ఆయన షిఫ్టు దిగి ఇంటికి వచ్చేదాకా తల్లి ముద్ద ముట్టేది కాదట. "మా నాయిన ఒక మాట చెప్పేటోడు" అని మేడం తరచూ తలుచుకునేవారు. "బాయిల దిగినోనికి బొగ్గు తీసుడు రెండో పని. పైకొచ్చుడు మొదటి పని. కాలేజీ గూడ గంతే. చదువు రెండోది. మన దగ్గరికి వచ్చిన పిల్ల మంచిగ ఇంటికి పోవాలె, అది మొదటిది." గనిని వాళ్ళు బాయి అంటారు. బాయిలోకి దిగిన వాళ్ళకోసం గుమ్మంలో కాచుకొని కూర్చున్న ఆడపిల్ల పెద్దయి మేడం అయింది. ఆ కాచుకోవడం ఆమె చివరిదాకా మానలేదు.

నేను మధిర దగ్గరి దాన్ని. తెలుగు బోధించడానికి ఇక్కడికి వచ్చిన మొదటి రోజున ప్రయోగశాల గుమ్మంలో ఆమెను చూశాను. కుచ్చిళ్ళు చెక్కుచెదరని నేత చీర, దాని కింద పెద్ద నల్లని బూట్లు. నాకు నవ్వు ఆగలేదు. "నవ్వు, నవ్వు. ఆసిడ్ పడ్డనాడు నీ చెప్పులు నవ్వుతయేమో సూద్దాం" అన్నారు. పిల్లలు చాటుగా ఆమెను బూట్ల మేడం అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసని వాళ్ళకూ తెలుసు. ప్రయోగశాలలోకి వేలాడే చున్నీ, విరబోసిన జుట్టు, వేళ్ళు కనిపించే చెప్పు దూరేవి కావు. సాయంత్రం నేను బస్సెక్కబోతుంటే గేటుదాకా వచ్చి "పైలం" అన్నారు. మా ఇంట్లో ఆ మాట వాడరు. "అంటే ఏంటి మేడం?" అని అడిగాను. "పైలం అంటె పైలమే. జాగర్తగ పో, మంచిగ చేరు, మళ్ల రా, అన్ని దాంట్లనే ఉన్నయ్. మీ మధిరోళ్లకు గిన్ని మాటలు కావాలె, మాకు ఒక్కటి సాలు" అని నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు మధిరే అయింది. తెలుగు చెప్పుకొని బతికే నాకు అంత నిండైన తెలుగు మాట నేర్పింది ఒక రసాయనశాస్త్రం మేడం.

ఆమెను అపార్థం చేసుకున్నవారూ ఉన్నారు. ఒక దసరాకు ముందు పిల్లలు ప్రయోగశాలలో పూజ పెట్టుకున్నారు. బల్ల మీద పటం పెట్టి, పూలు చల్లి, కర్పూరం వెలిగించబోతున్నారు. ఆ పక్క అలమార నిండా స్పిరిటు సీసాలు. మేడం వచ్చి హారతి పళ్ళెం అందుకొని, "బయట చేద్దాం, నడున్రి" అన్నారు. వెనక నుంచి ఒక సహాధ్యాపకుడు, అందరికీ వినబడేలా, "చర్చికి పోయేవాళ్ళకు మన పూజ గిట్టదు లెండి" అన్నాడు. మేడం కళ్ళలో ఒక్క క్షణం నొప్పి మెరవడం నేను చూశాను. ఆమె చీర కొంగు దోపుకొని బల్లకు ఒక కొస తాను పట్టుకొని, ఇంకో కొస ఆయన్నే పట్టుకోమన్నారు. వరండాలోకి మోసుకొచ్చాక, "దేవునికి వరండాల ఊపిరాడదా సార్? లోపల స్పిరిటున్నది. మా పాస్టరు గారు వచ్చి ల్యాబుల కొవ్వొత్తి ముట్టిస్తనన్నా గిదే మాట చెప్త" అన్నారు. ప్రసాదం అందరికంటే ముందు ఆమె చేతిలోనే పెట్టారు పిల్లలు. ఇప్పటికీ మా పూజ వరండాలోనే జరుగుతుంది.

వానలు మొదలైతే మా ప్రాంతంలో జ్వరాలు మొదలవుతాయి. హాస్టల్లో ఎవరికైనా జ్వరం వస్తే అప్పట్లో ఒకటే ఆనవాయితీ, బస్సెక్కించి ఇంటికి పంపించడం. అందులో క్రూరత్వం లేదు, భయం ఉంది. హాస్టల్లో ఏమైనా జరిగితే కళాశాలకు మాట వస్తుంది. ఇంట్లో జరిగితే రాదు. నేను చేరిన కొత్తలో లక్ష్మి అనే మొదటి సంవత్సరం పిల్లకు జ్వరం వచ్చింది. పినపాక అవతల అడవిలో వాళ్ళ గూడెం. వార్డెను ఎప్పటిలాగే ఒక స్నేహితురాలిని తోడిచ్చి బస్సెక్కించింది. బస్సు దిగాక చాలా దూరం నడవాలి. పిల్ల ఇల్లు చేరింది గాని, ఇంటి నుంచి దవాఖానాకు చేరలేదు. వారం తిరక్కముందే ఆమె మరణవార్త కళాశాలకు వచ్చింది.

మేడమూ, నేనూ ఆ గూడెం వెళ్ళాం. లక్ష్మి తల్లి చూరు కింద కూర్చొని ఉంది. మమ్మల్ని చూసి ఏడవలేదు, తిట్టలేదు. మంచం వాల్చింది, నీళ్ళు ఇచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు కోయ భాషలో ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆమె వాళ్ళను ఆగమని సైగచేసి, మాకు అర్థం కావాలని తెలుగులో అడిగింది. "మంచిగున్నన్ని దినాలు మీ పిల్ల అన్నరు గద మేడం. జరం రాంగనే మా పిల్ల ఎట్లయింది?"

మేడం తల వంచుకున్నారు.  తిరిగొచ్చి బస్సు దిగేటప్పుడు, "ఆ తల్లికి చెప్పేతందుకు నా దగ్గర జవాబు లేదు మధిరా. జవాబు తయారు చెయ్యాలె" అన్నారు.

ఆ వారమే స్టాఫ్ మీటింగులో లేచి నిలబడ్డారు. జ్వరం వచ్చిన ఏ విద్యార్థినీ రక్తపరీక్ష చేయించకుండా ఇంటికి పంపకూడదని, కళాశాలలోనే ఒక గది ఉండాలని, దవాఖానాకు మనలో ఒకరు వెంట వెళ్ళాలని అడిగారు. అప్పటి ప్రిన్సిపాల్ గారు చెడ్డవారు కారు, జాగ్రత్తపరులు. "మేడం, రేపు మన దగ్గరున్న పిల్లకు ఏదన్నా అయితే మనమీదికి వస్తుంది. ఆలోచించారా?" అన్నారు. "మన మీదికే రావాలె సార్" అన్నారు మేడం. "తల్లిదండ్రులు మనల్ని నమ్మి పంపిన్రు. ఇంకెవరి మీదికి రావాలె?"  ఖాళీ గది లేదని ప్రిన్సిపాల్ గారు తేల్చేశారు. మరునాడు వెళ్ళి చూస్తే ప్రయోగశాల పక్కనున్న తన సొంత గది ఖాళీ చేసి, కుర్చీ, బల్ల వరండాలో వేసుకొని కూర్చొని ఉన్నారు. లోపల రెండు మంచాలు. యాకోబు గారు మణుగూరు నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చి దించారు. "ఆయన మంచం గూడ తెచ్చిన. ఆయన కింద పండుకుంటడు, నడుముకు మంచిది" అని నవ్వారు మేడం. ఆ వరండాలోనే, వాన జల్లు పడితే కుర్చీ జరుపుకుంటూ, మిగిలిన సర్వీసంతా కూర్చున్నారు.

గది వచ్చింది గాని నియమం రాలేదు. అది ఆమె మొండితనంగానే నడుస్తోంది. దానికి అసలు పరీక్ష మరుసటి వానాకాలంలో ఎదురైంది. గోదావరి పెరుగుతోంది, హాస్టల్ ఖాళీ చేయించమని పై నుంచి ఆదేశం వచ్చింది. ఆవరణలో బస్సులు నిలిచాయి. పిల్లలు ట్రంకు పెట్టెలు మోసుకొని వానలో తడుస్తూ ఎక్కుతున్నారు. నాగమణి అనే రెండో సంవత్సరం పిల్ల ముందురోజు నుంచి జ్వరంతో ఆ గదిలో పడుకొని ఉంది. ఊళ్ళో రక్తం పరీక్ష చేసేవాళ్ళంతా ముంపు గ్రామాలకు వెళ్ళిపోయారు. ఇక మిగిలింది వంతెన దాటి భద్రాచలం పెద్ద దవాఖానా. ఈలోగా నాగమణి తండ్రి ముత్తయ్య బిడ్డను తీసుకుపోవడానికి తానే వచ్చాడు.

"మేడం, ఇవాళ్టికి మీ పట్టుదల పక్కన పెట్టండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఖాళీ చేయమని ఆర్డరు. తండ్రే వచ్చాడు. పంపించెయ్యండి." వార్డెను అప్పటికే పిల్లను నడిపించుకొని బస్సుదాకా తెచ్చింది. మేడం వెళ్ళి బస్సు మెట్టుకు అడ్డంగా నిలబడ్డారు. ముత్తయ్యకు కోపం వచ్చింది. "నా బిడ్డను నేను తీస్కపోత. మీకేంది? వాగు పొంగితే ఇంటికి పోలేం. జల్దీ పంపున్రి!"

"అన్నా, మీ వాగు నాకెరికే" అన్నారు మేడం. "వాగు దాటినంక బిడ్డకు జరం ఎక్కువైతే దవాఖానకు ఎట్ల తెస్తవ్?"

 ముత్తయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి, అసలు భయం బయటపెట్టాడు. "భద్రాచలం దవాఖానల నాకెవరెరిక మేడం? ఒక్కణ్ణి. అటు పొమ్మంటరు, ఇటు పొమ్మంటరు. ఏం రాసిచ్చిన్రో నాకు సదువొస్తదా? నాతోని ఎవరుంటరు?"

"నేనుంట."

"ఎన్ని దినాలుంటరు?"

"బిడ్డ లేసి నడిచేదాక ఉంట" అన్నారు మేడం.

ముత్తయ్య ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, బిడ్డ చెయ్యి ఆమె చేతికి ఇచ్చాడు. ప్రిన్సిపాల్ గారు, "వంతెన మూసేస్తే మీరు అవతలే ఉండిపోతారు మేడం. మీ బాధ్యత నేను తీసుకోలేను" అన్నారు. "నాది తీస్కోకున్రి సార్. జీపు ఇయ్యిన్రి" అన్నారామె. ఆయన ఒక్క నిమిషం వానలోకి చూస్తూ నిలబడి, డ్రైవరును తానే కేకేశారు. నేనూ వస్తానంటే మేడం ఒప్పుకోలేదు. "మిగిలినోళ్లందరు నీ పిల్లలు ఇప్పుడు. ఒక్కరు గూడ ఎనక మిగలొద్దు. పైలం" అని జీపెక్కారు.

తరువాతి సంగతులు ముత్తయ్య చెప్పగా విన్నవి. వాళ్ళు దాటిన కాసేపటికే వంతెన మూశారు. మలేరియా మెదడుకు ఎక్కిందని డాక్టర్లు చెప్పారు. ఆ సాయంత్రమే పిల్లకు ఫిట్స్ వచ్చాయి. ఇంటిదారి పట్టి ఉంటే ఆ వేళకు వాగు ఒడ్డున, వానలో ఉండేది. నీరు తగ్గేదాకా మేడం ఆ దవాఖానా వరండాలోనే ఉన్నారు. ముత్తయ్య తెచ్చిన పులిహోర పొట్లం ఇద్దరూ పంచుకు తిన్నారు. ఇవతలి గట్టు నుంచి యాకోబు గారు ఫోను చేసి, "నీ బీపీ గోలీలు పట్టుకపోయినవా?" అని అడిగితే, "ఈడ అన్నీ గోలీలే, నువ్వు ఫికరు చెయ్యకు" అన్నారట. వేసుకోలేదని వేరే చెప్పాలా! "మేడం చెప్పిన మాట తప్పలే" అన్నాడు ముత్తయ్య నాతో. "నా బిడ్డ లేసి గోడ పట్టుకొని నడిచినంకనే ఆమె పోయి మొహం కడుక్కున్నది."

కళాశాల తెరిచాక జరిగిన మీటింగులో ప్రిన్సిపాల్ గారు లేచి, జ్వరం వచ్చిన విద్యార్థిని పరీక్ష చేయించకుండా ఇంటికి పంపరాదని, అధ్యాపకులు వంతులవారీగా వెంట వెళ్ళాలని, తన సొంత ఆలోచనలాగా ప్రకటించారు. ఎవరి పేరూ ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండింది. బయటికి రాగానే, "అది మీ మాట కదా మేడం! మీరెందుకు ఊరుకున్నారు?" అన్నాను. "ఆయన నోట్ల నుంచి వస్తె అది రూలు. నా నోట్ల నుంచి వస్తె లొల్లి. మనకు రూలు కావాల్నా, లొల్లి కావాల్నా?" అన్నారు. తొలి వంతు ప్రిన్సిపాల్ గారే వేసుకున్నారని, జ్వరం వచ్చిన ఒక పిల్లవాడి తల తన భుజం మీద ఆనించుకొని జీపులో వెళ్ళారని కూడా ఇక్కడ చెప్పాలి. చెప్పకపోతే మేడం ఒప్పుకోరు.

ఇలా రాస్తుంటే ఆమె ఒక గంభీరమూర్తి అనిపిస్తుందేమో. ఎంతమాత్రం కాదు. స్టాఫ్ మీటింగుల్లో భద్రత ప్రస్తావన రానంతసేపు హాయిగా కునికేవారు. చర్చిలో పాటలు ఎంతో భక్తితో, ఏ శ్రుతికీ అందని గొంతుతో పాడేవారు. ఆ గొంతు దాచడానికి యాకోబు గారు పక్కన నిలబడి మరింత గట్టిగా పాడేవారు. గోదావరి చేపల పులుసు తెచ్చిన రోజున డబ్బా మూత తీయకముందే మాకు తెలిసిపోయేది. ఒక వార్షికోత్సవంలో హాలు రెండో తలుపుకు అడ్డంగా కుర్చీలు వేశారని, వాటిని తీసేదాకా ముఖ్య అతిథిని మెట్ల మీదే నిలబెట్టారు. ఆయన విసుక్కోబోతే, "మీరు పెద్దమనుషులు, మీకు ఏమన్న అయితే మాకు పరువు తక్కువ" అని ఎంత వినయంగా అన్నారంటే, ఆయన తానే రెండు కుర్చీలు మోశారు.

లోకంలో అందరి జ్వరం పట్టించుకున్న ఆ తల్లి తన ఆయాసాన్ని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఈ వేసవిలో మణుగూరు వెళ్ళి చూస్తే, నాలుగు మెట్లు ఎక్కడానికి మధ్యలో ఆగారు. "ఏందది మేడం?" అన్నాను, ఆమె యాసలోనే. "వయసు" అన్నారు. యాకోబు గారు వెనక నుంచి, "దవాఖానకు పోదామంటె రేపంటది తల్లీ. దినాం రేపే" అన్నారు. నేను ఆమెతో పోట్లాడాను. జీవితంలో ఆ ఒక్కసారే ఆమె మీద గొంతు పెంచాను. ఆమె తిట్లు తిన్న పిల్లలా నవ్వి, ఆదివారం ప్రార్థన కాగానే వెళ్తానని మాటిచ్చారు. వెళ్ళారు కూడా. గుండె బలహీనపడిందని, ఖమ్మం వెళ్ళి పెద్ద పరీక్షలు చేయించుకోమని అక్కడి డాక్టరు చెప్పాడు. ఆ ప్రయాణానికి బట్టలు సర్దుకున్నారు. ప్రయాణపు రోజు రాకముందే ఆమె వెళ్ళిపోయారు. ఈ ఒక్క విషయంలో నేను ఆమెను ఇంకా క్షమించలేదు. క్షమించాలని కూడా అనిపించడం లేదు. కోపం ఉన్నంతకాలం ఆమె ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది.

భద్రతా కమిటీ కన్వీనరుగా ఇప్పుడు నేను ఉన్నాను. పదవి భర్తీ అయింది, మనిషి భర్తీ కాలేదు. నియమం చెప్పడం నాకు వచ్చు. కోపంగా వచ్చిన తండ్రి చేత బిడ్డ చెయ్యి ఇప్పించుకునే ఆ మాట, ఆ చూపు, ఆ అపారమైన ఓపిక నాకు రావు. అవి ఆమెతోనే వచ్చాయి, ఆమెతోనే పోయాయి.

మణుగూరు సమాధుల తోటలో మంగళవారం మధ్యాహ్నం ఆమెను ఖననం చేశారు. గని కార్మికులు, చర్చివాళ్ళు, బంధువులు నిండిపోయారు. నేను గేటు దగ్గర, వెనకాల నిలబడ్డాను. ముత్తయ్య వచ్చాడు. ఇప్పుడు ఒక బడిలో టీచరుగా ఉన్న నాగమణి అతని పక్కనే ఉంది. చేతికర్రతో వచ్చిన పాత ప్రిన్సిపాల్ గారు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పాత విద్యార్థులు, అందరం పరాయివాళ్ళలా ఒక పక్కకు ఒదిగి ఉన్నాం. జనాన్ని సర్దుతున్న ఒక వృద్ధురాలు, చర్చి పెద్దమ్మ, నా దగ్గర ఆగింది.

"నువ్వు రూతమ్మకు ఏమైతవ్ బిడ్డా?"

"ఆమె కాలేజీలో..." అన్నాను.

"కాలేజా? అయితె ఈడెందుకు నిలబడ్డవ్? ఇంటోళ్లు ముందట ఉండాలె. నడు" అని నా చెయ్యి పట్టుకుంది. నా వెనక నిలబడ్డవాళ్ళను చూసి, "మీరు గూడ కాలేజేనా? రాన్రి, రాన్రి, అందరు రాన్రి" అని కేకేసింది. యాకోబు గారు మమ్మల్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చారు. ముత్తయ్య, నాగమణి, ప్రిన్సిపాల్ గారు, పేర్లు కూడా నాకు గుర్తులేని ఆ పిల్లలంతా ముందుకు వచ్చారు. ఇంటివాళ్ళ వరస పెరిగి పెరిగి సమాధి చుట్టూ తిరిగి వచ్చి కలిసింది. తలా పిడికెడు మట్టి వేసి, మా రూతు మేడంకు చేతులు జోడించాం.